విశాఖపట్నం: హ్యామ్ రేడియో లైసెన్సు నిబంధనల చరిత్ర

లాభాపేక్ష లేకుండా, సొంత ఆసక్తితో వైర్‌లెస్ సంభాషణలు జరిపేవారిని హ్యామ్‌లు అంటారు. భారతదేశంలో వీరికి పరీక్ష పెట్టి, లైసెన్సు, కాల్‌సైన్ ఇచ్చి, ఏ బ్యాండ్‌లో ఎన్ని వాట్లతో మాట్లాడవచ్చో నిర్ణయించేది కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం (డబ్ల్యూపీసీ). ఓడరేవు, తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, నౌకాదళ విమాన స్థావరం, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖపట్నంలో చాలా ఫ్రీక్వెన్సీలు ఇతరుల అవసరాలకు కేటాయించినవే. అందుచేత ఈ నిబంధనలకు ఇక్కడ ప్రాధాన్యం ఎక్కువ.

వలస పాలన కాలం

దేశంలో తొలి హ్యామ్‌గా అమరేంద్ర చంద్ర గుప్తు పేరు చెబుతారు. 1921లో ఆయన 2జేకే అనే కాల్‌సైన్‌తో ప్రసారాలు మొదలుపెట్టారు. అప్పటికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే ఆధారం. విశాఖ ఓడరేవు ప్రారంభమైన 1933లోనే ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చింది. 1934 జనవరి 1 నుంచి అమలైన ఈ చట్టం ప్రకారం, ప్రసారం చేయకపోయినా సరే, లైసెన్సు లేని వైర్‌లెస్ పరికరం ఇంట్లో ఉండటమే నేరం.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే హ్యామ్ ప్రసారాలను ఆపివేసి, ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించాలని ప్రభుత్వం ఆదేశించింది. శత్రువుకు సమాచారం చేరుతుందన్న భయం దీనికి ఒక కారణం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపై బాంబులు వేయడంతో తూర్పు తీరంలో యుద్ధభయం నిజమైంది. ఈ నిషేధం అమల్లో ఉండగానే, ఆ ఏడాదే బొంబాయిలో క్విట్ ఇండియా ఉద్యమకారులు కాంగ్రెస్ రేడియోను రహస్యంగా నడిపారు. యుద్ధం ముగిశాకే లైసెన్సుల జారీ మళ్లీ మొదలైంది.

1978 నిబంధనలు

1952లో డబ్ల్యూపీసీ ఏర్పడింది. హ్యామ్‌ల విషయంలో ఇప్పటికీ మూలాధారంగా ఉన్నవి 1978 నాటి అమెచ్యూర్ సర్వీస్ నిబంధనలు. వీటి ప్రకారం గ్రేడ్ 2 లైసెన్సుకు నిమిషానికి 5 మాటల వేగంతో, గ్రేడ్ 1కు 12 మాటల వేగంతో మోర్స్ కోడ్ పంపడం, అందుకోవడం రావాల్సి ఉండేది. గ్రేడ్ పెరిగేకొద్దీ వాడుకోదగ్గ బ్యాండ్లు, వాట్లు పెరిగేవి. పరీక్ష నెగ్గితే సరిపోదు. దరఖాస్తుదారు పూర్వాపరాల విచారణ పూర్తయ్యేదాకా కాల్‌సైన్ కోసం ఎదురుచూడాల్సిందే.

ఏం మాట్లాడాలన్న దానికీ హద్దులున్నాయి. సాంకేతిక విషయాలు, తంతి ద్వారా పంపేంత ముఖ్యం కాని సొంత కబుర్లు చెప్పుకోవచ్చు. వ్యాపార సందేశాలు, రహస్య సంకేత భాష, పాటల ప్రసారం కూడవు. ప్రతి సంభాషణనూ లాగ్‌బుక్‌లో రాయాలి. పొరపాటున ఇతరుల సందేశం చెవిన పడితే బయటపెట్టకూడదు.

రేవు పట్టణానికి నేరుగా తగిలే నిబంధన ఇంకొకటుంది. ఓడ మీద హ్యామ్ సెట్టు వాడటానికి ప్రత్యేక అనుమతి, కెప్టెన్ అంగీకారం కావాలి. సముద్రంలో మాట్లాడుతూ వచ్చిన హ్యామ్ అయినా, ఓడ భారతీయ రేవులో ఉన్నంతసేపూ సెట్టు కట్టేయాలి.

విశాఖలోని కేంద్ర వైర్‌లెస్ మానిటరింగ్ స్టేషన్ ఫ్రీక్వెన్సీల వినియోగంపై నిఘా ఉంచుతుంది. హ్యామ్ పరీక్షా కేంద్రాల జాబితాలోనూ విశాఖ ఉంది. ఢిల్లీ, చెన్నై వంటి నగరాల్లో నెలనెలా, హైదరాబాద్‌లో రెండు నెలలకోసారి పరీక్ష జరిగే పద్ధతి ఉండగా, విశాఖకు అంతకంటే అరుదుగా వంతు వచ్చేది.

బ్యాండ్ల సరిహద్దులు

స్థానిక సంభాషణలకు హ్యామ్‌లు ఎక్కువగా వాడేది 2 మీటర్ల బ్యాండ్. అమెరికాలో ఇది 144 నుంచి 148 మెగాహెర్ట్జ్ వరకు ఉంటే, భారత్‌లో 146 దగ్గరే ఆగుతుంది. అక్కడి బంధువులు పంపిన సెట్టు పై ఫ్రీక్వెన్సీల్లోనూ పలుకుతుంది గాని, ఇక్కడ వాటిలో ప్రసారం చేయడం చట్టవిరుద్ధం. ఇంకాస్త పైన 156.8 మెగాహెర్ట్జ్ వద్ద ఉన్న చానల్ 16 ఓడల పిలుపులకు, ఆపద సందేశాలకు కేటాయించినది. ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో సిబ్బంది వాడే వాకీటాకీల లైసెన్సు వేరు. హ్యామ్ లైసెన్సుతో ఆ ఫ్రీక్వెన్సీల్లోకి వెళ్లడానికి వీల్లేదు.

విపత్తులు, సడలింపులు

సంస్కరణలకు ఊతమిచ్చిన వాటిలో విపత్తు సేవ ముఖ్యమైనది. 1983లో హైదరాబాద్‌లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తెలుగునాట శిక్షణకు కేంద్రమైంది. చాలా ఏళ్లపాటు హ్యామ్ ప్రసారాలకు అనుమతి దొరకని అండమాన్‌లో, 2004 డిసెంబరులో ఈ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం ప్రత్యేక అనుమతితో స్టేషన్ నడిపింది. డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి సమాచారం చేరవేసిన స్టేషన్ అదే.

మోర్స్ పరీక్ష తప్పనిసరి అన్న అంతర్జాతీయ నియమాన్ని 2003 ప్రపంచ రేడియో సమావేశం ఎత్తివేసింది. 2009 సవరణతో భారత్‌లో జనరల్, రిస్ట్రిక్టెడ్ అనే రెండు గ్రేడ్లు మిగిలాయి. 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాయవచ్చు. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ పొందే రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ అవసరం లేదు, షార్ట్‌వేవ్‌లో 50 వాట్లు దాటకూడదు. వీయూ2 కాల్‌సైన్ ఇచ్చే జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 మాటల మోర్స్ నిలిపి ఉంచి, 400 వాట్ల వరకు అనుమతించారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్ద తీరం దాటినప్పుడు కరెంటు, సెల్‌ఫోన్లు రెండూ మూగబోయాయి. ఆ విపత్తులో హ్యామ్‌లు కూడా రంగంలోకి దిగారు. మామూలు రోజుల్లో ఇతరుల కోసం సందేశాలు మోయకూడదన్న నిబంధన ఇలాంటి ఆపత్కాలాల్లో సడలుతుంది.

ప్రస్తుత స్థితి

దరఖాస్తులు ఇప్పుడు సరళ్ సంచార్ పోర్టల్ ద్వారా సాగుతున్నాయి. 1885, 1933 చట్టాల స్థానంలో 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. పాత చట్టాల కింద చేసిన నిబంధనలు, కొత్త చట్టానికి విరుద్ధం కానంతవరకు, వాటి స్థానంలో వేరేవి వచ్చేదాకా చెల్లుతాయని అందులో పొందుపరిచారు.