ఎత్తుకు తగ్గ బరువు: ఎవరు వేసిన లెక్క?

మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో తెలుగువాళ్ల విందుల్లో బిర్యానీ సగంలో ఉండగానే మాట షుగర్ మీదకీ, బరువు మీదకీ మళ్లుతుంది. అయిదడుగుల ఏడంగుళాల మగవాడు ఎంత ఉండాలని ఫోన్‌ని అడిగితే ఒక లెక్క 146 పౌండ్లంటుంది, ఇంకొకటి 154, మరొకటి 159. వీటిలో ఏదీ తప్పుడు లెక్క కాదు. ఎవరి అవసరానికి వాళ్లు కట్టుకున్నవి, అంతే.

వీటన్నిటికన్నా పాత లెక్క వైద్యుడిది కూడా కాదు. బెల్జియం ఖగోళ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ కెట్లే 1830లలో మనుషుల కొలతలు పోగేసి, పెద్దవాళ్ల బరువు ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుందని గమనించాడు. ఆయన వెతికింది సగటు మనిషిని. లావు గొడవే ఆయనకు లేదు. సెంటీమీటర్లలో ఎత్తు చూసి వంద తీసెయ్యమనే సూత్రం ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా పేరు మీద చలామణీలో ఉంది. పై 154 దాని చలవే.

ఆరోగ్యాన్ని బరువుతో గట్టిగా ముడివేసింది మాత్రం బీమా వ్యాపారం. అమెరికాలోని మెట్రొపాలిటన్ లైఫ్ కంపెనీలో లూయీ డబ్లిన్, ఎవరు ఎన్నాళ్లు బతికారో పాలసీల్లో చూసి 1940లలో ఆడా మగా వేర్వేరుగా పట్టికలు వేయించాడు. 1959లో అవి మారాయి, 1983లో మళ్లీ మారాయి. బట్టలు, బూట్లతో సహా తూచిన బరువులవి. చిన్న, మధ్యస్థ, పెద్ద అంటూ ఎముకల కట్టును బట్టి మూడు గళ్లుండేవి. ఏ కట్టు ఎవరిదో కొలిచే పద్ధతి 1959 పట్టికలో లేదు. ఇక లావుపాటివాళ్లంతా మూడో గడిలోకి వెళ్లి కూర్చోరూ! ఆ పాలసీలు కొన్నవాళ్లలో మనవాళ్లు ఎందరుంటారో ఊహించుకోవచ్చు. అమెరికా వలస చట్టం మారి మనకు తలుపు తెరుచుకున్నదే 1965లో.

ఇక 146. 1974లో బెన్ డివైన్ జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ మోతాదు లెక్కకట్టడానికి ఓ సూత్రం ఇచ్చాడు: అయిదడుగుల మగవాడికి 50 కిలోలు, ఆడమనిషికి 45.5, ఆపైన అంగుళానికి 2.3. మందు కొలతకు పుట్టిన ఆ అంకె ఇవాళ ఆదర్శ బరువై కూర్చుంది.

కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించే కెట్లే లెక్కకు 1972లో బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టినవాడు ఆన్సెల్ కీస్. 1985లో అమెరికా ప్రభుత్వ వైద్యులు మగవాళ్లకు 27.8, ఆడవాళ్లకు 27.3 హద్దన్నారు. 1998లో ఇద్దరికీ కలిపి 25 చేశారు. మన అయిదడుగుల ఏడంగుళాల మనిషి 177 పౌండ్ల వరకూ నిశ్చింతగా ఉన్నవాడు, రాత్రికి రాత్రి 159 దాటితే బరువెక్కినవాడయ్యాడు. ఆడా మగా తేడా కూడా అప్పుడే చెరిగిపోయింది.

మన ఒంటి సంగతి బయటపెట్టింది 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫొటో. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ పక్కపక్కనే నిలబడ్డారు. ఇద్దరి ఇండెక్సూ 22.3. ఒంట్లో కొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2! కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట ముందుకు ఉండే మన బాపతు మనిషిని తూకం పట్టుకోలేదు. 2009లో భారతీయ వైద్యులు హద్దును 23కి దించారు. 2015 నుంచి అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఆసియా మూలాలున్నవాళ్లకు 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయమంటోంది. అంటే మన అయిదడుగుల ఏడంగుళాల మనిషికి 147 పౌండ్లు; డివైన్ మందు లెక్క దరిదాపుల్లోకే వచ్చాం, కాకతాళీయంగా.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నమూనా భారతీయుడి బరువును 60 కిలోల నుంచి 65కు పెంచింది, స్త్రీకి 55 అంది. పోషకాల అవసరం లెక్కకట్టే ఆ నమూనాను ట్రాయ్ వాట్సాప్ గుంపుల్లో లక్ష్యంగా పంచుకోవడం అనవసరం.

మన వైద్యులు 2009లోనే నడుముకూ కొలత చెప్పారు. ఆడా మగా తేడా అక్కడ మిగిలే ఉంది: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80. అంగుళాల్లో ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక టేపు పెట్టాలి. ట్రాయ్‌లోని సోమర్‌సెట్ మాల్‌లో కొన్న ప్యాంటు సైజు చెబితే చెల్లదు. అది ఎప్పుడో పొట్ట కిందికి జారి ఉంటుంది.