బానిసల ఆదివారము

విశ్రాంతిదినాచరణమును గూర్చి క్రైస్తవసంఘములలో శతాబ్దముల తరబడి వాదములు జరిగినవి. అది శనివారమా, ఆదివారమా? ఆనాడు ప్రయాణము చేయవచ్చునా? వంట చేయవచ్చునా? ఆటలాడవచ్చునా? ఈ ప్రశ్నలు వేసినవారందరును, మనుష్యుడు తలచినచో పని మానుకొనగలడని ముందుగానే యొప్పుకొన్నట్లున్నది. పని మానుకొను స్వాతంత్ర్యమే లేనివాని సంగతి యేమి? ఈ ప్రశ్నను విడిచి విశ్రాంతిదినపు విలువను నిర్ణయింపజాలము.

మోషే ధర్మశాస్త్రమున ఈ యాజ్ఞ రెండుచోట్ల ముఖ్యముగా గానవచ్చును. నిర్గమకాండము 20వ అధ్యాయమున దానికి చెప్పబడిన కారణము సృష్టి. దేవుడు ఆరుదినములలో లోకమును సృజించి యేడవనాడు విశ్రమించెను గనుక మనుష్యుడును విశ్రమింపవలెను. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమున ఆజ్ఞ యదియే గాని కారణము వేఱు. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులై యుండిరి. ఆ దాస్యమును మరువరాదు. కావున తమ దాసుడును దాసియు తమవలెనే విశ్రమింపవలెను. ఎద్దును, గాడిదయు, ఇంటనున్న పరదేశియు ఆ యాజ్ఞలో చేరియున్నారు. దీనిని బట్టి చూడగా ఈ యాజ్ఞ ప్రధానముగా యజమానునికి చేయబడినదని తోచును. తాను పని మానుట అందులో సగపాలు మాత్రమే. తన చేతిక్రిందివానిని పని మాననిచ్చుట తక్కిన సగపాలు.

క్రైస్తవరాజ్యములలో ఈ రెండవ సగపాలు ఎట్టి గతి పొందినదో తెలిసికొనుటకు దెమెరారా చరిత్రకంటె మంచి నిదర్శనము లేదు. దెమెరారా దక్షిణ అమెరికా ఖండపు ఉత్తరతీరమున నొక వలసరాజ్యము. నేటి గయానా దేశములోని భాగము. మొదట డచ్చివారిది, పిమ్మట ఆంగ్లేయుల వశమైనది. ఆ తీరమంతయు చెరకుతోటలు, ప్రత్తితోటలు, కాఫీతోటలు. వానిలో పనిచేయువారు ఆఫ్రికానుండి కొనితేబడిన బానిసలు, వారి సంతతివారు. తోటల దొరలలో పెక్కుమంది క్రైస్తవనామధారులు. ఆదివారమునాడు తోటపని యుండరాదన్నది అక్కడి వాడుక.

అయినను ఆ యాదివారము బానిసకు విశ్రాంతి గాలేదు. వారములో ఆరుదినములు దొరకు పనిచేసిన పిమ్మట తన పెరటితోట దున్నుకొనుటకు, కోళ్లను పెంచుకొనుటకు, పండించినదానిని పట్టణమునకు మోసికొనిపోయి యమ్ముటకు అతనికి మిగిలినది ఆ యొక్కదినమే. సంత ఆదివారమే జరిగెడిది. దొర యిచ్చు తిండికి మించి యొక ముద్దగాని, యొక గుడ్డగాని కావలెనన్నచో ఆనాటి చెమటతోనే సంపాదింపవలెను. పనితొందర యున్నప్పుడు ఆ దినమును సయితము దొరలు లాగుకొనుచుండిరి. జమైకా ద్వీపమున బానిసలు తమ యాహారములో నధికభాగమును కొండచరియల పొలములలో ఆదివారములయందే పండించుకొనుచుండిరి. అనగా యజమానుడు బానిసకు పెట్టవలసిన కూటివ్యయమును దేవుని దినముపై మోపినాడన్నమాట.

1795లో లండనులో స్థాపితమైన మిషనరీ సంఘమువారు 1808లో దెమెరారాకు బోధకుని పంపిరి. 1805లో మన విశాఖపట్టణమునకు క్రాను, డెస్ గ్రాంజెసు అను బోధకులను పంపినదియు ఈ సంఘమే. ల రెజువెనీర్ అను తోటలో బెతెలు అను ప్రార్థనామందిరము వెలసినది. 1817లో జాను స్మిత్తు అను యువకుడు భార్యతో గూడ అచటికి బోధకుడై వచ్చెను. బానిసలకు చదువు నేర్పినచో దేశమునుండి వెడలగొట్టుదునని గవర్నరు ముఱ్ఱే మొదటనే యాయనను బెదరించెను. అయినను మందిరము నిండినది. క్వామీనా అను వడ్రంగి ఆ సంఘమునకు డీకను. ఆయన సక్సెస్ అను తోటలో బానిస. ఆ తోటకు యజమానుడు లివర్పూలు వర్తకుడైన జాను గ్లాడ్‌స్టను. తరువాతికాలమున ఇంగ్లండునకు ప్రధానమంత్రియైన విలియము గ్లాడ్‌స్టనుకు తండ్రి.

స్మిత్తు విశ్రాంతిదినాజ్ఞను గట్టిగా బోధించెను. ఆదివారము పొలములో పనిచేయుటయు సంతకు పోవుటయు తగదనెను. ఇచట మనము నిలిచి యాలోచింపవలెను. ఈ బోధ న్యాయమైనదే. కాని దాని భారము ఎవరిపై పడినది? సంత మానిన బానిసకు కూరగాయల వెల పోయెను. దొరకు పోయినదేమియు లేదు. యజమానునికి చేయబడిన యాజ్ఞను బానిస తన నష్టముతో నెరవేర్పవలసివచ్చెను. అయినను వందలకొలది జనులు ఆ నష్టమునకు లోబడి మందిరమునకు వచ్చిరి. తాము పనిముట్లముగాక మనుష్యులమని వారికి తెలియజెప్పిన దినము అది యొక్కటియే కాబోలు!

1823వ సంవత్సరము మే నెలలో గవర్నరు ఒక యుత్తరువు ప్రకటించెను. యజమానుని చీటి లేక బానిస యెవ్వడును ప్రార్థనకు పోరాదని దాని తాత్పర్యము. ఆ నెలలోనే లండనులో పార్లమెంటువారు బానిసల స్థితిని బాగుచేయవలెనని తీర్మానించిరి. స్త్రీలను కొరడాతో కొట్టరాదనియు, పొలములో కొరడా పట్టరాదనియు ఆజ్ఞాపత్రము దెమెరారాకు చేరెను గాని గవర్నరు దానిని వెంటనే ప్రకటింపలేదు. రాజు స్వాతంత్ర్యమిచ్చినాడనియు, దొరలు దాచిపెట్టినారనియు వదంతి పుట్టినది. ఆగస్టు 18వ తేది సాయంకాలమున తిరుగుబాటు బయలుదేరెను. క్వామీనా కుమారుడు జాక్ గ్లాడ్‌స్టను దానికి నాయకులలో నొకడు. యజమానుని యింటిపేరే బానిసకును తగిలించిన కాలమది. క్వామీనా బలాత్కారము వలదని వారించెనని చెప్పుదురు. సుమారు పదివేలమంది లేచిరి. అయినను వారిచే చచ్చిన తెల్లవారు ఇద్దరో ముగ్గురో మాత్రమే. పెక్కుచోట్ల దొరలను బంధించి కొయ్యలో కాళ్లు బిగించి విడిచిరి.

బాచిలర్స్ అడ్వెంచరు అను తోటయొద్ద సేనానియైన లీహీ, గుమిగూడిన బానిసలను మీకేమి కావలెనని యడిగెను. స్వాతంత్ర్యము కావలెనని కొందరనిరి. మరికొందరు, తమకు వారమున రెండుమూడు దినములును, అవిగాక ప్రార్థనకై ఆదివారమును కావలెననిరి. ఈ రెండవ ప్రత్యుత్తరమును చరిత్రకారులు స్వల్పమైనదిగా నెంచవచ్చును. నాకు మాత్రము ఇది విశ్రాంతిదినాజ్ఞకు చేయబడిన వ్యాఖ్యలలో నుత్తమమైనదని తోచుచున్నది. కడుపు నింపుకొనుటకు వేఱు దినములున్నగాని దేవుని దినము దేవునిది కాజాలదని చదువురాని యా బానిసలు కనిపెట్టిరి. పండితులు గ్రంథములు వ్రాసియు చూడని సంగతి యిది.

వారికి లభించిన సమాధానము తుపాకి. రెండువందలకు పైగా బానిసలు మడిసిరి. పిమ్మట విచారణలు, ఉరులు, కొరడాదెబ్బలు. సెప్టెంబరు 16వ తేదిని క్వామీనాను వెదకి కాల్చి, ఆయన శవమును సక్సెస్ తోటయొద్ద గొలుసులతో వ్రేలాడదీసిరి. జాక్ గ్లాడ్‌స్టనును సెంట్ లూషియా ద్వీపమునకు వెడలగొట్టిరి. స్మిత్తును సైనికన్యాయస్థానమున విచారించి మరణదండన విధించిరి. రాజుగారి క్షమాపత్రము సముద్రము దాటకమునుపే, 1824 ఫిబ్రవరి 6వ తేదిని, క్షయరోగపీడితుడై యాయన చెరసాలలో మరణించెను. ఆ మరణము ఇంగ్లండులో దాస్యనిర్మూలనోద్యమమునకు గొప్ప బలము చేకూర్చెను.

విశ్రాంతిదినమును పరిరక్షింతుమని చట్టము చేయువారు సయితము ఈ రహస్యమును గ్రహింపకుండుట కలదు. 1831లో ఆంటిగ్వా ద్వీపమున శాసనసభవారు ఆదివారపు సంతను నిషేధించిరి. దానికి బదులుగా బానిసలకు వేఱొక దినము నియ్యలేదు. చట్టము భక్తితో గూడినదే. కాని బానిసలు దానిని దొంగతనమని యెంచి యల్లరి చేసిరి, చెరకుతోటలు తగులబడినవి. వారు ధర్మద్రోహులని దొరలనిరి. ధర్మద్రోహమెవరిదో పాఠకులే నిర్ణయింతురుగాక!

1833లో పార్లమెంటువారు దాస్యమును రద్దుచేయు చట్టము చేసిరి. యజమానులకు నష్టపరిహారము రెండుకోట్ల పౌనులు, బానిసలకు శూన్యము. వారు కొంతకాలము దొరలయొద్దనే పనివారుగా నుండవలెననియు, ఆదివారమున వారిని నిర్బంధించి పనిచేయింపరాదనియు ఆ చట్టము విధించెను. అయితే దానికి కొన్ని మినహాయింపు లున్నవి: అత్యవసరమైన పనులు, ఆస్తిని కాపాడుట, పశువులను చూచుట, ఇంటిపని. ఎద్దును విశ్రమింపనిమ్మన్న యాజ్ఞనుండి పుట్టిన చట్టములో ఎద్దును మేపువానికి విశ్రాంతి పోయెను; దాసిని విశ్రమింపనిమ్మన్న యాజ్ఞనుండి పుట్టిన చట్టములో దాసికి పోయెను.

ఆ నిర్బంధపు పనియు 1838 ఆగస్టు 1వ తేదితో ముగిసినది. ఆ సంవత్సరము మే నెలలోనే జాను గ్లాడ్‌స్టను పూనికపై హిందూదేశపు కూలీలతో రెండు ఓడలు కలకత్తానుండి దెమెరారా చేరినవి. కొన్నియేండ్లకు మదరాసు రేవునుండియు ఓడలు పోయినవి. వానిలో పోయినవారియందు తెలుగువారును గలరు. కావున ఈ కథ మనకు కేవలము పరదేశపు కథ గాదు.

చట్టములు మారినవి, ఆ మినహాయింపు మాత్రము మన యిండ్లలో నేటికిని నిలిచియున్నది. ఆదివారమునాడు ఆరాధనకు పోయివచ్చి, బంధువులతో విందు గుడిచి, విశ్రాంతిదినము నాచరించితిమని తృప్తిపడు గృహస్థులు కలరు. ఆ విందు వండిన యిల్లాలు ఎప్పుడు విశ్రమించినది? అంట్లు తోమిన పనిమనిషికి ఆ దినము ఏ వారము? వంటశాలలో ఆనాటి పనిని తగ్గించుకొని, పనిమనిషికి జీతము కోయక సెలవిచ్చు క్రైస్తవుడు, ఆనాడు కీర్తనలు పాడినను పాడకున్నను, ఆజ్ఞలోని రెండవ సగపాలును నెరవేర్చినవాడగును. జీతము కోసి యిచ్చు సెలవు ఆంటిగ్వా చట్టమువంటిది. క్వామీనా సంఘమువారు రక్తము చిందించి యడిగినది పెద్ద వరమేమియు గాదు. ఆకలికి వెఱవక విశ్రమింపగల యొక్క దినము. దానిని మన చేతిక్రిందివారికి, వారు అడుగకమునుపే, మనమియ్యవలెను.