పాత గొలుసు రంపాల పునరుద్ధరణ

గొలుసు రంపము (చైన్ సా) అనగా ఇంజను లేదా విద్యుత్ మోటారు సాయంతో తిరిగే పళ్ళ గొలుసుతో కలపను కోయు యంత్రము. తెలుగు పల్లెలలో దీనిని "చెట్లు కోసే మిషన్" అని పిలుస్తారు. వాడకము లేక మూలన పడిన పెట్రోలు రంపమును విప్పి, శుభ్రపరచి, చెడిన భాగములను మార్చి, తిరిగి సురక్షితముగా పనిచేయునట్లు చేయుటయే పునరుద్ధరణ.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి వరి ప్రధానమైన ప్రాంతాలలో రైతుకు ఈ రంపముతో ఏడాది పొడవునా పని ఉండదు. గాలివానకు పడిన చెట్టు, పొలము గట్టు మీది తుమ్మ, కాపు తగ్గిన బత్తాయి తోట - ఇవి ముగిసిన తరువాత టాంకులో పెట్రోలు ఉండగానే దానిని పక్కన పెడతారు. మరుసటి ఏడు తాడు ఎంత లాగినా స్టార్టు కాదు. అటువంటి రంపములలో చాలావాటికి ఇంజను చెడి ఉండదు, ఇంధన మార్గము మాత్రమే మూసుకొని ఉంటుంది. ఈ సంగతి తెలియక మంచి యంత్రాలను పాత ఇనుముకు వేయుట కద్దు.

చరిత్ర

జర్మనీకి చెందిన ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్ రంపమును, 1929లో పెట్రోలు రంపమును తయారుచేసెను. తొలి యంత్రాలను ఇద్దరు మనుషులు పట్టుకొనవలసి వచ్చేది. ఒక్కరే మోయగల రంపములు రెండవ ప్రపంచ యుద్ధము తరువాత వ్యాప్తిలోకి వచ్చినవి.

తొలి పరీక్ష

ముందుగా స్పార్క్ ప్లగ్గు తీసి నిప్పురవ్వ వస్తున్నదో లేదో చూడవలెను. ప్లగ్గు సందు సాధారణముగా 0.5 మి.మీ. ఉంటుంది. ఫ్లైవీలు అయస్కాంతము తుప్పు పట్టిననూ నిప్పురవ్వ బలహీనపడును. దానికి, కాయిలుకు మధ్య దూరము విజిటింగు కార్డు మందమంత ఉంటే చాలును.

తరువాత సైలెన్సరు విప్పి, ఆ రంధ్రము గుండా పిస్టనును చూడవలెను. నునుపుగా ఉంటే ఆశ ఉన్నట్లే. నిలువు గీతలు లోతుగా ఉంటే ఆయిలు చాలక పోవడమో, ఎక్కడో గాలి లోనికి పీల్చుకొనడమో జరిగినదని అర్థము. కారణము సరిచేయకుండా కొత్త పిస్టను వేసినచో అదియును అదే దారి పడుతుంది.

ఇంధన మార్గము

అసలు శ్రమ ఇక్కడనే. మోపెడ్లు బాగుచేసిన మెకానిక్కుకు టూ స్ట్రోక్ ఇంజను కొత్త కాదు. అయితే మోపెడ్ కార్బురేటరులో ఫ్లోటు ఉంటుంది, రంపములో ఉండదు. రంపమును పక్కకు, తలక్రిందులుగా తిప్పి కోయవలసి ఉన్నందున దానిలో పలుచని డయాఫ్రం పొరలు పెట్రోలును పంపు చేస్తాయి. నిలువ ఉన్న పెట్రోలు జిగురుగా మారి సన్నని రంధ్రములను మూసివేస్తుంది, డయాఫ్రం బిరుసెక్కుతుంది. పొరలు, నీడిలు కలిసిన కిట్టు మార్చి, కార్బురేటరును క్లీనరుతో కడిగిన తరువాతనే స్క్రూల జోలికి పోవలెను. మురికి పోకముందే స్క్రూలు తిప్పుట సాధారణముగా జరిగే పొరపాటు.

పెట్రోలులో కలిపే ఇథనాలు ఈ సమస్యను పెంచినది. భారతదేశములో 2022లో 10 శాతమునకు, 2025లో 20 శాతమునకు చేరిన ఈ మిశ్రమము గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు ఎక్కువైనచో అడుగున వేరుపడి, ఆయిలు లేని ఆ పొరయే ముందుగా ఇంజనులోకి పోవచ్చును. పాత రబ్బరు గొట్టములు కూడ మెత్తబడి పగులుతాయి. కావున గొట్టము, టాంకులోని ఫిల్టరు రెండును మార్చుట మేలు. టూ స్ట్రోక్ ఆయిలును తయారీదారు చెప్పిన పాళ్ళలోనే కలపవలెను. 50:1 అనగా లీటరుకు 20 మి.లీ., 25:1 అనగా 40 మి.లీ. పని ముగిసిన తరువాత టాంకు ఖాళీ చేసి, ఇంజను ఆగిపోవువరకు నడపవలెను.

గొలుసు, బారు

గొలుసు పళ్ళను ఆకురాయితో ఒకే కోణమున, ఒకే పొడవు వచ్చునట్లు సానపట్టవలెను. సాధారణముగా కోణము 30 డిగ్రీలు. ఒక వైపు పళ్ళు పొట్టివైనచో కోత వంకరపోతుంది. బారు గాడిలోని పొట్టును గీకి, అంచుల బిరుసును రాచి, బారును తిరగవేసి బిగించవలెను. కాలిన ఇంజను ఆయిలును గొలుసుకు వాడుట కనిపిస్తుంది గాని, అందులోని లోహపు రజను ఆయిలు పంపును అరగదీస్తుంది.

భద్రత

ఇంజను తిరిగినంత మాత్రమున రంపము సిద్ధమైనట్లు కాదు. బారు కొన పైభాగము దేనికైనా తగిలినచో రంపము క్షణములో మనిషి మీదికి ఎగురుతుంది. గొలుసును ఆపే బ్రేకు 1970ల నుండి వ్యాప్తిలోకి వచ్చినది, అంతకుముందు యంత్రాలలో చాలావాటికి అది లేదు. బ్రేకు లేనిది ప్రదర్శనకే గాని పనికి తగదు. బ్రేకు ఉన్నచో దాని పట్టీ అరుగుదల చూసి, నడుస్తున్నపుడు వెంటనే పట్టుచున్నదో లేదో పరీక్షించవలెను. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నపుడు గొలుసు కదలరాదు. కదిలినచో ఐడిల్ వేగము ఎక్కువగా ఉన్నదో, క్లచ్చి స్ప్రింగులు సడలినవో చూడవలెను.

తొలి కోతకు నేలపై పడిన మొద్దు చాలును. నిలిచిన చెట్టును కొట్టుటకు 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము అనుమతి అవసరము.