గోదావరి తూర్పారబట్టిన నేల



వరద తీసిన తర్వాత లంకలోకి వెళ్ళి చూడండి. ఒకరి చేలో జానెడు మెత్తని ఒండ్రు పరుచుకొని ఉంటుంది. పక్కవారి చేలో మోకాలి లోతు బొండు ఇసుక. మూడోవారి చేను అసలు కనిపించదు, ఏటిలో కలిసిపోయింది. వరద ఒకటే, నీరు ఒకటే. ఒకరికి భాగ్యం, ఇంకొకరికి నష్టం. ఇదంతా గంగమ్మతల్లి దయ అనుకొని ఊరుకుంటాం. కాని ఏరు ఏ మన్నును ఎక్కడ దించుతుందో దానికొక పద్ధతి ఉన్నది. ఆ పద్ధతి తెలిసి కట్టిన కట్టడం నిలుస్తుంది. దాన్ని మరిచినచోట ఏరే మనకు గుర్తు చేస్తుంది. గోదావరి చరిత్ర చెప్పే పాఠం ఇదే.

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం మీకు తెలియనిది కాదు. గాలికి చేట ఎత్తి వదిలితే గట్టి గింజ కాళ్ళ దగ్గర రాలుతుంది. తాలు కొంచెం ఎడంగా, పొట్టు ఇంకా దూరంగా పోయి పడుతుంది. ఏరు చేసే పనీ అదే. గాలికి బదులు అక్కడ నీటి వడి. నిలకడ నీటిలో ఒక మిల్లీమీటరు లావున్న ఇసుక రేణువు మీటరు లోతు దిగడానికి పది సెకనులు చాలు. అందులో నూరోవంతు లావున్న ఒండ్రు రేణువుకు మూడు గంటలు పైగా పడుతుంది. ఇంకా సన్నని బంకమన్నుకు రోజులే పడతాయి. అందుచేత ఇసుక ఏటి అడుగున దొర్లుతూ, ఎగిరెగిరి పడుతూ పోతుంది. ఒండ్రు నీటిలో కలిసి, నీరు పోయినంత దూరమూ పోతుంది.

వరద ఎక్కేటప్పుడు వడి పెరిగి ఏరు తన అడుగును తానే తవ్వుకుంటుంది. తీసేటప్పుడు మోసుకొచ్చినదాన్ని దించుతుంది. వంపు తిరిగినచోట వడి బయటి ఒడ్డుమీదికి పోతుంది. అక్కడ కోత, లోపలి ఒడ్డున మేట. ఒకరి చేను తిని ఇంకొకరికి లంక ఇవ్వడం వెనుక ఉన్న కారణం ఇంతే.

ఇప్పుడు గోదావరి సంగతికి వద్దాం. త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే ఈ నది మహారాష్ట్ర నల్లరాతి నేలల మట్టిని తెస్తుంది. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తమ తమ మన్ను తెచ్చి దీనిలో కలుపుతాయి. పాపికొండల ఇరుకులో నీరు లోతుగా, వడిగా పరుగెత్తుతుంది. పోలవరం దాటి మైదానంలో పడేసరికి ఏరు వెడల్పవుతుంది, వడి తగ్గుతుంది. ఇసుక దించడం అక్కడినుంచే మొదలు. ధవళేశ్వరం దగ్గర ఏటిని నాలుగు పాయలుగా చీల్చిన లంకలు ఆ విధంగా పుట్టినవే.

ధవళేశ్వరం దిగువన ఉన్న నేలంతా వేల ఏండ్లుగా వరదలు తూర్పారబట్టినదే. ఏరు ఒడ్డు పొర్లిన ప్రతిసారీ బరువైన మన్ను ఒడ్డు పక్కనే పడి, అక్కడ నేల మెరక అయినది. సన్నని బంకమన్ను దూరం పోయి పల్లంలో దిగింది. అందుకే గౌతమి, వసిష్ఠ ఒడ్డులు ఎత్తు, వాటికి దూరంగా పోనుపోను పల్లం. అటు కృష్ణ, ఇటు గోదావరి మన్ను వేసుకుంటూ ముందుకు నడవగా, మధ్య మిగిలిన పల్లమే కొల్లేరు.

మిగిలిన మన్ను సముద్రం చేరి ఊరుకోదు. ఒకనాడు ఓడలు కట్టిన కోరంగి రేవు మేట పడి పూడిపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది. అదే ఇసుకను అలలు ఉత్తరానికి తోసి, కాకినాడ ఎదుట సుమారు 16 కిలోమీటర్ల ఇసుకతిన్నెను పేర్చినవి. హోప్ ఐలండ్ అంటే అదే. ఒక రేవును పూడ్చిన ఇసుక ఇంకొక రేవుకు అలల నుంచి కాపుదల అయినది.

ఇక మనిషి కట్టిన కట్టల మాట. ఆర్థర్ కాటన్ దొర గోదావరికి రాకముందు కావేరి ప్రాంతంలో పనిచేశాడు. అక్కడ కావేరి మొగ ఇసుకతో పూడి, నీరంతా కొళ్ళిడం పాయలోకి పోతూ ఉండేది. 1836లో ఆయన కొళ్ళిడం మీద ఆనకట్ట కట్టించగా నీరు కావేరిలోకి మళ్ళింది. అయితే ఈసారి కావేరి అడుగు అతిగా తవ్వుకుపోసాగింది. దాన్ని ఆపడానికి 1840 తర్వాత కావేరి మొగలో అడ్డంగా అడుగుగోడ వేయవలసి వచ్చింది. ఒకచోట గోడ కడితే ఇంకొకచోట ఇసుక కదులుతుందన్నమాట.

ఆ అనుభవంతో 1847లో ధవళేశ్వరం పని ఆరంభించి, 1852 నాటికి ముగించారు. అడుగున రాతిపొర లేదు, ఉన్నది ఇసుకే. దానిలో నూతులు దించి, వాటిమీద 12 అడుగుల ఎత్తున ఆనకట్ట నిలబెట్టారు. కట్ట అడ్డం వస్తే నీటి వడి చస్తుంది, ఇసుక దిగుతుంది. కనుక కాలువ తలతూముల పక్కనే అడుగు తూములు పెట్టారు. వరదలో వాటిని ఎత్తితే తూము ముందు చేరిన ఇసుక దిగువకు కొట్టుకుపోతుంది. ఇక కాలువలను ఏరు తానే పోసిన మెరకల మీదుగా నడిపించారు. నీరు మెరకనుంచి పల్లానికి తనంతట తాను పారింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కాటన్ బరాజు వచ్చింది. ఇసుకకు దారి ఇవ్వవలసిన అవసరం మాత్రం అలాగే ఉన్నది.

ఏటిగట్ల కథ వేరు. గట్లు పోయకపోతే ఊళ్ళు లేవు, పంటలు లేవు. ఇందులో రెండోమాట లేదు. 1953 ఆగస్టు వరద, 1986 ఆగస్టు వరద చూసినవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. 1986లో ధవళేశ్వరం దగ్గర సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పోయింది. గట్లు తెగినచోట నీరు బాణంలా దూసుకొచ్చి, గండి దగ్గర నేలను మడుగు చేసి, ఆ వెంటనే చేలమీద ఇసుక కుమ్మరించింది. గండి పక్కన ఇసుక, దూరపు చేలో ఒండ్రు. ఇదీ తూర్పారబట్టడమే. అయితే గట్టు నిలిచిన ఏడు మన చేను బతుకుతుంది గాని, దానికి కొత్త మన్ను రాదు. మన తాతలకు వరద వేసిన ఎరువును మనం బస్తాల్లో కొనుక్కుంటున్నాం.

ఎగువన ఇంకొక మార్పు వచ్చింది. 1963లో పోచంపాడు దగ్గర శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ జలాశయంలో మొదట 112 టి.ఎం.సి.ల నీరు పట్టేది. తరువాతి కొలతల్లో అది 90కి దిగింది. తగ్గిన జాగాలో ఉన్నది మన్నే. పైన జలాశయాల్లో ఆగిన మన్ను కింద డెల్టాకు చేరదు. ఒండ్రునేల తన బరువుకు తానే కుంగుతూ ఉంటుంది. పూర్వం వరద మన్ను ఆ లోటు పూడ్చేది. ఇప్పుడు ఆ రాబడి తగ్గింది. డెల్టా తీరంలో కొన్నిచోట్ల సముద్రం నేలను కోస్తున్నది. జలాశయాలు వద్దని నేను అనడం లేదు. వాటి వెల నీటి లెక్కలోనే కాక మన్ను లెక్కలోనూ చూడాలంటున్నాను.

ఇక మనం చేయగలిగిన పనులు. చేలో పడిన ఇసుక నాగలి లోతుకు లోపుగా ఉంటే లోతు దుక్కి దున్ని, అడుగు మట్టితో కలపండి, పశువుల ఎరువు దండిగా వేయండి. అంతకు మించితే ఎత్తిపోయాలి. ఎత్తలేనిచోట గుంతలు తీసి, ఎరువు, ఒండ్రు నింపి దోస, పుచ్చ పాదులు పెట్టుకోవచ్చు. ఏటి ఒడ్డున రెల్లును మొదలంటా నరకవద్దు. అది నీటి వడిని తగ్గించి ఒండ్రును పట్టి ఉంచుతుంది. ఒడ్డు మొదట్లో ఇసుక తవ్వనివ్వకండి. అక్కడ తవ్విన గుంతను ఏరు మీ చేనితో పూడుస్తుంది.

వరద వచ్చినప్పుడు నీటి ఎత్తును అందరం చూస్తాం. ఈసారి వడి ఎక్కడ చచ్చింది, ఏ మన్ను ఎక్కడ దిగింది, అది కూడా చూసి గుర్తుపెట్టుకోండి. వచ్చే ఏడు ఏ చేలో ఏ పైరు వేయాలో ఏరే మీకు చెబుతుంది.