టైప్-1 షుగర్ ఉన్న మహిళ తల్లి కావాలంటే.. నెల తప్పక ముందే జాగ్రత్త

టైప్-1 షుగర్ ఉన్న అమ్మాయికి పెళ్లి మాటలు నడిస్తే పెద్దలు ముందుగా అడిగేది ఒకటే: 'పిల్లలు పుడతారా?' పుడతారు. సరైన వైద్యం అందితే చాలామందికి ఆరోగ్యంగానే పుడతారు. అయితే ప్రమాదం ఎప్పుడు మొదలవుతుందో చాలా ఇళ్లలో తెలియదు.

టైప్-1లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు. మాత్రలతో పని జరగదు, రోజూ ఇన్సులిన్ తీసుకోవాల్సిందే. గర్భంతో వచ్చి కాన్పు తర్వాత తగ్గే షుగర్ వేరు, ఇది వేరు.

బిడ్డ గుండె, మెదడు, వెన్నెముక రూపుదిద్దుకునేది ముఖ్యంగా మొదటి రెండు నెలల్లోనే. నెల తప్పిందని తెలిసి ఆస్పత్రికి వెళ్లేసరికి అందులో చాలా భాగం గడిచిపోతుంది. ఆ రోజుల్లో తల్లికి షుగర్ ఎక్కువగా ఉంటే గర్భస్రావం, పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు పెరుగుతుంది. అందుకే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం కంటే తగ్గాకే గర్భానికి సిద్ధం కావాలని డాక్టర్లు అంటారు. 10 శాతం దాటితే అప్పటికి వద్దనే చెబుతారు. ఫోలిక్ యాసిడ్ కూడా ముందు నుంచే, మామూలు కంటే ఎక్కువ మోతాదులో రాస్తారు. బీపీ, కొలెస్ట్రాల్ మందుల్లో కొన్ని బిడ్డకు మంచివి కావు, వాటిని డాక్టర్‌తో మార్పించుకోవాలి. కళ్లు, కిడ్నీల పరీక్ష తప్పనిసరి, ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు రెటీనా జబ్బు ముదరవచ్చు.

మొదటి మూడు నెలల్లో షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంటుంది, నిద్రలో కూడా. పక్కన ఉన్నవాళ్లకు విషయం తెలిసి ఉండాలి. పెళ్లిలో దాచిన షుగర్ ఇక్కడే ప్రాణం మీదికి తెస్తుంది: అత్తింట్లో ఎవరూ చూడకుండా సూది వేసుకోవడం, కుదరని రోజు మానేయడం. ఇన్సులిన్ మానితే రక్తంలో కీటోన్లు పేరుకుంటాయి. గర్భిణుల్లో షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా ఇది రావచ్చు, బిడ్డ దక్కకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నాలుగైదు నెలలు దాటాక ఇన్సులిన్ అవసరం పెరుగుతూ పోయి రెండింతలు కూడా అవుతుంది. జబ్బు ముదిరిందని భయపడొద్దు, మాయ నుంచి వచ్చే హార్మోన్ల ప్రభావమది. బీపీ పెరిగే ముప్పు ఉంది కాబట్టి 12 వారాల తర్వాత తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తుంటారు.

రంజాన్ వస్తే 'నేను ఉండగలను' అనే వాళ్లున్నారు. రోగి తర్వాతి రోజుల్లో లెక్క పూర్తి చేసుకోవచ్చని అల్ బఖరా సూరా 184వ ఆయత్ చెబుతోంది. కడుపుతో ఉన్న టైప్-1 మహిళకు రోజా వద్దనే వైద్యుల సలహా. ఖజా, ఫిద్యా సంగతి ఆలిమ్‌ను అడగాలి.

బిడ్డ బరువు ఎక్కువగా ఉండే అవకాశం వల్ల 37, 38 వారాల్లోనే కాన్పు చేయడం మామూలు. పుట్టిన వెంటనే బిడ్డకు షుగర్ పడిపోవచ్చు కాబట్టి నవజాత శిశువుల ఐసీయూ ఉన్న ఆస్పత్రినే ఎంచుకోవాలి. మాయ బయటికి రాగానే తల్లి ఇన్సులిన్ మోతాదు ఒక్కసారిగా తగ్గించాలి. తల్లిపాలు నిక్షేపంగా ఇవ్వొచ్చు, పాలిచ్చే ముందు తల్లి ఏదైనా తినాలి.