రైలు ప్రమాదమును ఎవరు విచారింపవలెను?

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతపు ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు చరిత్రను, భౌతికశాస్త్రమును కలిపి చెప్పదలచినచో మేడ్చల్ స్టేషను నుండి ఉత్తరముగా సాగు పట్టాలే చక్కని పాఠము. నిజాము రాజ్యములో 1899-1901 మధ్య సికిందరాబాదు నుండి మన్మాడు వరకు నిర్మింపబడిన హైదరాబాదు-గోదావరి లోయ రైలు మార్గము ఇదియే. ఆనాడిది మీటరు గేజి మార్గము; తరువాత బ్రాడ్‌గేజిగా మారినది. 2023 ఏప్రిల్‌లో ఎం.ఎం.టి.ఎస్. బండ్లు మేడ్చల్ వరకు వచ్చినవి.

ఈ మార్గముననే, తూప్రాన్ దాటిన పిదప మాసాయిపేట కలదు. 2014 జూలై 24వ తేదీ ఉదయము అచ్చటి కాపలాలేని లెవెల్ క్రాసింగు వద్ద, నాందేడ్ నుండి సికిందరాబాదు వచ్చుచున్న ప్యాసింజరు బండి ఒక బడి బస్సును ఢీకొన్నది. పన్నెండుమందికి పైగా పసిపిల్లలు మరణించిరి.

బండిని ఆపలేరా అని పలువురు అడుగుదురు. కొంచెము లెక్క వేయుదము. ఇవి ఆనాటి బండి కొలతలు కావు, పాఠమునకై తీసికొన్నవి. గంటకు 72 కిలోమీటర్లు, అనగా సెకనుకు 20 మీటర్ల వేగముతో పోవు బండి, బ్రేకు వేసినపుడు ప్రతి సెకనుకు అర మీటరు చొప్పున వేగము కోల్పోవుననుకొందము. అది ఆగుటకు 400 మీటర్లు కావలెను. డ్రైవరు 200 మీటర్ల దూరమున బస్సును చూచి వెంటనే బ్రేకు వేసినను, బస్సును చేరునప్పటికి బండి వేగము ఇంకను గంటకు సుమారు 51 కిలోమీటర్లు ఉండును. ఉక్కు చక్రమునకు, ఉక్కు పట్టాకు నడుమ ఘర్షణ స్వల్పము. రైలు చవుకగా నడచుటకు కారణమైన గుణమే దానిని ఆపుటకు అడ్డు. కాబట్టి రక్షణ డ్రైవరు చేతిలో లేదు. గేటులో, కాపలాలో, వంతెనలో, అనగా ముందుగా చేసిన ఏర్పాటులో ఉన్నది.

అట్లయిన, ఏర్పాటు సరిగా ఉన్నదా లేదా యని చూచునదెవరు? బ్రిటనులో 1840 నాటి చట్టముతోనే రైల్వే ఇన్‌స్పెక్టర్ల వ్యవస్థ ఏర్పడినది. మన దేశమున 1890 రైల్వే చట్టము ఇన్‌స్పెక్టర్ల అధికారములను నిర్ణయించినది. కాని 1905లో రైల్వే బోర్డు ఏర్పడిన పిదప వారు ఆ బోర్డు క్రిందికే వచ్చిరి. విద్యార్థి తన జవాబు పత్రమును తానే దిద్దుకొన్నట్లు! 1937లో బీహారులోని బిహ్‌టా వద్ద ఘోర ప్రమాదము జరిగినది. తరువాత పసిఫిక్ ఇంజనులను పరిశీలించిన సంఘము 1939లో ఈ లోపమును గుర్తించినది. 1941లో ఇన్‌స్పెక్టర్లను రైల్వేల నుండి తప్పించి, తపాలా విమాన శాఖకు చేర్చిరి. 1961లో ఈ వ్యవస్థకు రైల్వే భద్రతా కమీషన్ అను పేరు వచ్చినది. నేడది పౌర విమానయాన మంత్రిత్వశాఖ క్రింద ఉన్నది.

ఆ నడుమ మన ప్రాంతము రెండు దెబ్బలు తిన్నది. 1954 సెప్టెంబరులో జనగామ వద్ద, 1956లో మహబూబ్‌నగర్ వద్ద వంతెనలు కూలి, ప్రతి ప్రమాదమునను నూరుమందికి పైగా మరణించిరి. మహబూబ్‌నగర్ ప్రమాదము పిదప రైల్వే మంత్రి లాల్‌బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వజూపగా ప్రధాని అంగీకరింపలేదు. ఆ నవంబరులో అరియలూరు ప్రమాదము పిదప ఆయన పదవి వీడిరి. అది మహనీయమైన నడత. అయినను రాజీనామా ఒక వంతెన పునాదిని బాగుచేయలేదు. వరద నీరు స్తంభము చుట్టునున్న మట్టిని ఎట్లు కోసివేయునో, కానాలు ఎంత వెడల్పున ఉండవలెనో పరిశోధించి చెప్పవలసినది సాంకేతిక విచారణయే.

1989 రైల్వే చట్టము ప్రకారము, ప్రయాణికుల బండికి ఘోర ప్రమాదము జరిగి ప్రాణనష్టము కలిగినచో భద్రతా కమీషనరు విచారింపవలెను. క్రొత్త మార్గమును ప్రయాణికులకు తెరచుటకు ముందు ఆయన తనిఖీ తప్పనిసరి. ప్రధాన కమీషనరు వార్షిక నివేదికను పార్లమెంటు ముందుంచవలెనని కూడ ఆ చట్టము చెప్పుచున్నది. అయితే కమీషనరు సిఫారసులు ఆజ్ఞలు కావు. కమీషనర్లు రైల్వే ఇంజనీర్లలో నుండియే వత్తురు. అందుచేత నివేదిక ప్రజల కంటబడుట మరింత అవసరము. 2005 సమాచార హక్కు చట్టము పౌరునకు అడుగు అధికారమునిచ్చినది.

అడుగకున్న ఏమగును? 2012 ఫిబ్రవరిలో అనిల్ కాకోద్కర్ సంఘము అన్ని లెవెల్ క్రాసింగులను అయిదేండ్లలో తొలగింపుమని సూచించినది. ఆ సూచన కాగితముపై ఉండగనే మాసాయిపేట పిల్లలు మరణించిరి. బ్రాడ్‌గేజిపై కాపలాలేని క్రాసింగులన్నియు తొలగిపోయినది 2019 జనవరి చివరకు. లోపము తెలియుటకును, తొలగుటకును నడుమ గడచిన కాలమును మనము ప్రాణములతో కొలువవలసి వచ్చినది. ఆ కాలమును తగ్గించుటయే తనిఖీకి, బహిరంగ నివేదికకు ప్రయోజనము.