ఈ బిల్లు ఎవరి వల్ల?

చలికాలంలో బిల్లు ఎక్కువ వస్తే ఇంట్లో ముందు వెతికేది కారణాన్ని కాదండీ, మనిషిని. థర్మోస్టాట్ ఎవరు పెంచారు? వేడినీళ్లు అంతసేపు ఎవరు వదిలారు? డ్రయ్యర్ రోజూ ఎందుకు తిరుగుతోంది? రోజంతా ఇంట్లో ఉండేది మనమే కాబట్టి ఆ వేలు తిరిగి తిరిగి మనవైపే వస్తుంది. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉంటే వాళ్లవైపు తిరుగుతుంది. మొన్న జనవరిలో మా ఇంట్లో అది మా అత్తయ్యగారి వైపు తిరిగింది.

ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మీకు ఒక పాత కథ చెప్పాలి. మేముండే న్యూజెర్సీలో, మా ఇంటికి పెద్ద దూరం లేని ఒక కాలనీలో యాభై ఏళ్ల కిందట జరిగిన కథ. దాని పేరు ట్విన్ రివర్స్. టర్న్‌పైక్ 8వ ఎగ్జిట్ దగ్గర, ఈస్ట్ విండ్సర్‌లో ఉంటుంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. 1970 ప్రాంతంలో అక్కడ ఒకే నమూనాలో వరసగా టౌన్‌హౌస్‌లు కట్టారు. ఒకే ప్లాను, అవే గోడలు, బేస్‌మెంట్‌లో అదే గ్యాస్ ఫర్నేస్.

ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్లకి ఆ కాలనీ మీద కన్ను పడింది. రాబర్ట్ సోకొలోవ్ అనే భౌతికశాస్త్రవేత్త ఆధ్వర్యంలో 1972లో ఒక బృందం పని మొదలుపెట్టింది. ఇంజినీర్లు, గణాంకాలవాళ్లు మాత్రమే కాదు, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లూ అందులో ఉన్నారు. వాళ్ల ప్రశ్న చాలా మామూలుది. ఇల్లు వెచ్చగా ఉంచడానికి ఇంత గ్యాస్ ఎందుకవుతోంది?

అప్పటికి ఆ ప్రశ్న ఎవరికీ పెద్దగా పట్టలేదు. పట్టేరోజు త్వరలోనే వచ్చింది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. 3 డాలర్ల దగ్గరున్న బ్యారెల్ ధర కొద్దినెలల్లోనే 12 డాలర్ల దాకా వెళ్లింది. నవంబరు 7న అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి, ఇళ్లలో థర్మోస్టాట్లు 6 డిగ్రీలు తగ్గించుకోమని, పగలు సగటున 68 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంచమని ప్రజల్ని కోరాడు. మన లెక్కలో అది 20 సెల్సియస్. 1977 ఫిబ్రవరి 2న కార్టర్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. తనే స్వెటర్ తొడుక్కుని మంట పక్కన కూర్చుని, పగలు 65, రాత్రి 55 చాలన్నాడు.

ఇద్దరూ చెప్పింది ఒకటే, మీరు సర్దుకోండి అని. అవసరమైన మాటే, కాదనను. కానీ ఇంట్లో సర్దుకోవడమంటే ఎవరు సర్దుకుంటారో మీకూ నాకూ తెలుసు కదా.

ట్విన్ రివర్స్‌లో ఆ బృందం మనుషుల్నీ చూసింది, ఇంటినీ చూసింది. మొదట కనబడిన వింత ఏమిటంటే, ఒకే రకం ఇళ్లలో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ గ్యాస్ వాడకంలో రెండింతలకు పైగా తేడా ఉంది. పక్కపక్క ఇళ్లు, ఒకే చలి, ఒకే ఫర్నేస్. అయినా అంత తేడా.

ఇక్కడ మనుషుల పాత్ర లేదని నేను అనడం లేదు. ఆ బృందంలోని రాబర్ట్ సొండెరెగర్ 205 ఇళ్ల లెక్కలు తీశాడు. ఇల్లు ఎన్ని పడకగదులది, అద్దాలు ఎంత మేర ఉన్నాయి లాంటి కనబడే తేడాలన్నీ తీసేశాక, మిగిలిన తేడాలో ఎక్కువ భాగం అందులో ఉండేవాళ్ల అలవాట్ల వల్లేనని తేల్చాడు. పాతవాళ్లు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగిన ఇళ్లని చూసి ఈ సంగతి పట్టుకున్నాడు. గోడలు అవే, మనుషులు మారారు, వాడకమూ మారింది. అదే కాలనీలో క్లైవ్ సెలిగ్‌మన్, జాన్ డార్లీ అనే ఇద్దరు ఒక వేసవిలో 29 ఇళ్లతో ఇంకో ప్రయోగం చేశారు. కొందరికి వాళ్ల కరెంటు వాడకం ఎలా ఉందో ఎప్పటికప్పుడు చూపించారు. వాళ్ల వాడకం మిగతావాళ్లకంటే 10.5 శాతం తగ్గింది. మందలింపు లేదు, ఉపన్యాసం లేదు, అంకె కళ్లముందు పెట్టారంతే.

అసలు ఆశ్చర్యం అటకలో దొరికింది. ఇక్కడి ఇళ్లకి పైకప్పు కింద మనుషులు ఉండని ఖాళీ అటక ఉంటుంది. కింది గదుల వేడి పైకి పోకుండా దాని నేలమీద ఇన్సులేషన్ పరుస్తారు. అంటే చలికాలంలో ఆ అటక బాగా చల్లగా ఉండాలి. ట్విన్ రివర్స్ అటకలు ఉండాల్సినంత చల్లగా లేవు. జాన్ బెయా, గౌతమ్ దత్, థామస్ వొటెకీ కొలిచి చూస్తే, అటకలోకి పోతున్న వేడి పుస్తకాల లెక్క చెప్పినదానికంటే 3 రెట్లకు పైగా ఉంది.

ఎటు నుంచి పోతోంది? ఫర్నేస్ పొగగొట్టం బేస్‌మెంట్ నుంచి పైకప్పు దాకా వెళుతుంది. దాని చుట్టూ వదిలిన ఖాళీ ఒక సొరంగంలా నేరుగా అటకలోకి తెరుచుకుని ఉంది. ఇంటికీ ఇంటికీ మధ్య గోడలు బోలు ఇటుకలతో కట్టినవి. వాటిలోంచీ గాలి పైకి పోతోంది. ఇన్సులేషన్ ఎంత మందంగా పరిచినా దాన్ని చుట్టుతిరిగి వెళ్లే దొడ్డిదారులివి. ప్లానులో కనబడవు, గదిలో నిలబడి చూసినా కనబడవు.

వేడిగాలి పైకి లేస్తుందని మనకి పొయ్యి దగ్గరే తెలుసు. పైన దారి దొరికితే అది బయటికి పోతుంది. పోయినంత గాలి కింద నుంచి లోపలికి రావాలి కదా? తలుపు సందుల్లోంచి, గోడ అడుగు పగుళ్లలోంచి చన్నీళ్లలాంటి గాలి వస్తుంది. ఇల్లంతా ఒక పొగగొట్టం అయిపోతుంది.

ఆ బృందంలోనే ఫ్రాంక్ సిండెన్ అనే ఆయన ఒక ఇంటిని తీసుకుని దొడ్డిదారులు మూసి, కిటికీల సంగతి చూసి, ఇన్సులేషన్ సరిచేసి, వెచ్చదనానికి కావలసిన ఇంధనాన్ని మూడింట రెండు వంతులు తగ్గించి చూపించాడు. ఈ పరిశోధనలన్నీ 1978లో పుస్తకంగా వచ్చాయి. ఇంటికి జబ్బు ఎక్కడుందో పరీక్షించి చెప్పే 'హౌస్ డాక్టర్' అనే పని అక్కడి నుంచే ఎదిగింది. తలుపు చట్రంలో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లో గాలి లాగి, సందులు ఎక్కడున్నాయో పట్టే బ్లోయర్ డోర్ స్వీడన్‌లో కిటికీ ఫ్యానుగా మొదలై ఆ రోజుల్లోనే ప్రిన్స్‌టన్ చేరింది. పేద కుటుంబాల ఇళ్ల సందులు మూయించే ప్రభుత్వ పథకం 1976 చట్టంతో వచ్చింది. గ్యాస్, కరెంటు కంపెనీలు ఇళ్లకి వచ్చి ఆడిట్ చేయాలన్న చట్టం 1978లో వచ్చింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. జనవరి బిల్లు చూసి మావారు భోజనాల దగ్గర "ఇంత ఎందుకొచ్చింది?" అన్నారు. ఎవరినీ ఉద్దేశించి కాదు. కానీ మా అత్తయ్యగారికి డెబ్భై రెండేళ్లు, రాజమండ్రి ఎండల్లో పెరిగిన మనిషి. ఆవిడ వచ్చాకే థర్మోస్టాట్ 68 నుంచి 72కి పెంచాం. మర్నాటి నుంచి ఆవిడ రెండు స్వెటర్లమీద శాలువా కప్పుకుని, "నాకేం చలి లేదమ్మా, తగ్గించెయ్యి" అనడం మొదలుపెట్టారు. చేతులు మాత్రం మంచులా ఉండేవి. ఇది బిల్లు సమస్య కాదనిపించింది నాకు. కొడుకింట్లో ఉంటూ ఒక తల్లి తనని తాను ఖర్చుగా లెక్కేసుకుంటోంది.

అందుకే లెక్క వేయడానికి కూర్చున్నాను. డాలర్లు పక్కన పెట్టి థర్మ్‌లు చూశాను. రేటు మారితే డాలర్లు మారతాయి, వాడకం ఎంతో థర్మ్‌లే చెబుతాయి. రీడింగు అంచనాది కాదు, మీటరు చూసి రాసినదే. కిందటి జనవరిలో 150 థర్మ్‌లు, ఈ జనవరిలో 230. అంటే 80 ఎక్కువ.

తర్వాత చలి. ఇక్కడ డిగ్రీ-డేస్ అని ఒక లెక్క ఉంది. రోజు సగటు 30 డిగ్రీలైతే, 65లోంచి తీసేసి 35 అని రాసుకుంటారు. నెలంతా కూడితే ఆ నెల ఎంత చలో తెలుస్తుంది. వాతావరణశాఖ వాళ్లే ఇస్తారు. మా దగ్గర ఈ జనవరి కిందటిదానికంటే 15 శాతం ఎక్కువ చలి. వంటకీ నీళ్లకీ అయ్యే 20 థర్మ్‌లు తీసేస్తే, ఆ చలి వాటా సుమారు 20 థర్మ్‌లు.

ఇక అత్తయ్యగారి నాలుగు డిగ్రీలు. బయట సగటున 30 ఉంటే, లోపల 68కి తేడా 38, 72కి తేడా 42. అంటే పదో వంతు పెరుగుదల. సుమారు 15 థర్మ్‌లు. ఇంకో మనిషి స్నానానికీ వంటకీ ఒక 5 వేసుకోండి. అన్నీ కలిపితే 40. మిగతా 40, అంటే పెరిగినదాంట్లో సగం, ఎవరి ఖాతాలోకీ రాలేదు.

ఆ కాగితం మావారికి చూపించాను. ఆడిట్‌కి ఫోన్ చేశాం. వచ్చినాయన బ్లోయర్ డోర్ పెట్టి, నేరుగా అటక ఎక్కాడు. శరదృతువులో మేడమీద గదులకి సీలింగు లైట్లు పెట్టించాం. ఆ పనివాళ్లు ఇన్సులేషన్ పక్కకి నెట్టి అలాగే వదిలేశారు. అటక తలుపు సరిగ్గా కూర్చోలేదు. పొగగొట్టం చుట్టూ ట్విన్ రివర్స్‌లో ఉన్నట్టే ఖాళీ ఉంది, అది ఇల్లు కట్టిననాటిది.

ఆయన చెబుతుంటే నాకు ఒక్కసారిగా వెలిగింది. "పైనంతా బాగానే ఉంటుంది గానీ కింద కూర్చుంటే కాళ్లు జివ్వుమంటాయి" అని అత్తయ్యగారు వచ్చిన వారం నుంచీ అంటూనే ఉన్నారు. పెద్దతనం వల్ల అనుకున్నారు అందరూ. పైన పోయిన గాలికి బదులు కింద వస్తున్న చలిగాలి అది. రోజంతా ఆ సోఫాలో కూర్చునే మనిషికే తెలిసింది. థర్మోస్టాట్ పెంచవలసి రావడానికి కూడా ఆ కంతలే ఒక కారణం.

లైట్లమీద రక్షణ పెట్టి, తలుపుకి పట్టీ వేసి, పొగగొట్టం చుట్టూ రేకుతో, మంటకి తట్టుకునే పూతతో మూశారు. ఈ చివరిది తెలిసినవాళ్లే చేయాలండీ. గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో సందులు మూశాక పొగ సరిగ్గా బయటికి పోతోందో లేదో పరీక్షించాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. తర్వాతి నెల డిగ్రీ-డేస్‌తో పోల్చి చూస్తే ఆ దిక్కులేని 40లో దాదాపు 30 పోయాయి. థర్మోస్టాట్‌ని 70కి తగ్గించింది అత్తయ్యగారే, చలి లేదు కాబట్టి. శాలువా కుర్చీ మీదే ఉంటోంది.

మీకూ ఇలాంటి బిల్లు వస్తే ముందు థర్మ్‌ల అంకె చూడండి, రీడింగు నిజమైనదో అంచనాదో చూడండి, చలి లెక్క తీయండి, మనుషుల వాటా న్యాయంగా వేయండి. తర్వాత ఇంట్లో ఎవరికి చలేస్తోందో, ఏ మూల కూర్చుంటే వేస్తోందో అడగండి. ఆ జవాబు రాసిపెట్టుకుని, అటక తలుపు తీయించండి.